‘స్వయంగా’ అనే గడి

లోకంలో ఆడవాళ్లకి మొగుళ్ల మీద సవాలక్ష ఫిర్యాదులుంటాయి. ఆవిడకున్నది ఒక్కటే. ఆయన బాగైపోయాడు. నాలుగు నెలల క్రితం ప్రింటింగ్ ప్రెస్సు మెట్ల మీంచి జారి, తలకి దెబ్బ తగిలి, మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్న మనిషి, ఇంటికొచ్చిన నాలుగో రోజుకల్లా బాగైపోయాడు. ఆ మాట అన్నది డాక్టరు కాదు, ఆయనే. బలపరిచింది వాళ్లమ్మ.

నెలకోసారి ఆసుపత్రి నుంచి ఒక నర్సు వచ్చేది. తలకి దెబ్బ తగిలినవాళ్లు ఆసుపత్రి మంచం దిగి ఇంటి మంచం ఎక్కాక ఏమవుతారన్నది ఆమె పరిశోధన. చేతిలో ఇరవై ప్రశ్నల ఫారం. ప్రతి ప్రశ్నకీ ఎదురుగా రెండు గళ్లు: ‘స్వయంగా’, ‘సాయంతో’.

“పళ్లు తోముకోవడం?”

“నేనే.”

“మందులు వేసుకోవడం?”

“నేనే సిస్టర్. అన్నీ నేనే.”

“మావాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, ఎవరి మీదా ఆధారపడడు,” అనేది అత్తగారు. పెళ్లయిన పదిహేనేళ్లలో తన తువ్వాలు ఎక్కడుంటుందో తెలియని మనిషి గురించి! కోడలు టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. నవ్వొస్తే అక్కడ నవ్వుకోవచ్చు.

ఆయన అబద్ధమాడడం లేదు. పళ్లు ఆయనే తోముకుంటాడు. పేస్టు వేసిన బ్రష్షు కళ్లెదురుగా ఉంటే. చొక్కా ఆయనే తొడుక్కుంటాడు. లోపలిది పైన, పైది కింద, వరసగా పేర్చి పెడితే. మాత్రలు ఆయనే మింగుతాడు. గిన్నెలో వేసి, నీళ్లు పక్కన పెట్టి, “అవి చల్లారిపోతాయి” అని నవ్విస్తే. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఆయన ఆగిపోతాడు. అక్కడ ఒక మాట కావాలి. గట్టిగా అంటే కోపం వస్తుంది, గ్లాసు ఎగురుతుంది, పది నిమిషాల తర్వాత “ఇది ఎవరు పగలగొట్టారు?” అని ఆయనే అడుగుతాడు. అందుకని ఆవిడ ఆ మాటని గాలికి అన్నట్టు అనడం నేర్చుకుంది. “నీళ్లు వేడిగా ఉన్నట్టున్నాయి,” “ఆ నీలం చొక్కా ఇస్త్రీ బాగా కుదిరింది.” ఆయన చిన్నబోకూడదని ఎంత నేర్పుగా చేసిందంటే, ఆ చేసింది ఎవరికీ కనపడలేదు. ఆయనకి అసలే కనపడలేదు. ఇంత శుభ్రంగా పని చేసినందుకు ఆవిడకి ఆవిడ మీదే కోపం వచ్చేది.

పోయినసారి నర్సు లెక్క చూసి సంతోషంగా చెప్పింది: ఇరవైకి పద్దెనిమిది ‘స్వయంగా’. వచ్చేసారీ ఇలాగే వస్తే శిక్షణ కేంద్రంలో ఆయనకి సీటు అక్కర్లేదు. ఆసుపత్రి వెనకే ఉంది ఆ కేంద్రం; పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచుకుని, రోజు పనులు మళ్లీ నేర్పుతారు. ఈ ఫారంలో సాయం అవసరమని తేలినవాళ్లకే సీటు. ఆవిడ ఆశంతా దాని మీదే. విత్తనాల ల్యాబ్‌లో ఆవిడ సెలవు నెలాఖరుతో ఆఖరు. ఆ తర్వాత ఆ మైక్రోస్కోపు ముందు ఇంకొకరు కూర్చుంటారు.

“వాడి పనులు వాడే చేసుకుంటున్నాడు, ఇంట్లో నీకింక పనేముంది?” అంది అత్తగారు. అదే గుక్కలో, “ఉద్యోగం మానెయ్యమ్మా. నువ్వు గడప దాటితే వాణ్ణి చూసేదెవరు?” అంది. ఆ రెండు మాటలూ ఒకే నోట్లో కాపురం ఎలా చేస్తున్నాయా అని ఆవిడ చాలాసేపు ఆశ్చర్యపోయింది.

నర్సుకి ఫోన్ చేసింది. “ఈసారి పదకొండుకి కాదు సిస్టర్, పొద్దున ఏడింటికి రండి. ఏమీ అడక్కండి. కూర్చుని చూడండి.”

ముందు రోజు సాయంత్రం ఆయనకీ చెప్పింది. “రేపు పొద్దున నేనేమీ చెప్పను, ఏమీ అందివ్వను. సరేనా?”

“ఇప్పుడు నువ్వేం చెబుతున్నావు గనక?” అని నవ్వాడు.

పొద్దున్నే గ్యాసు కట్టేసి, బాత్రూం గొళ్లెం ఊడదీసి, ఆవిడ పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఎదురుగా నర్సు. ఆయన లేచి మంచం అంచున కూర్చున్నాడు. పావుగంటయినా అలాగే ఉన్నాడు.

“బ్రష్షు మీద పేస్టు వెయ్యలేదేం?” అంది అత్తగారు.

“ఆయనే వేసుకుంటారుగా అత్తయ్యా.”

ఆయన బాత్రూంలోకి వెళ్లి, పొడి బ్రష్షుతో బయటికొచ్చి నిలబడ్డాడు. “స్నానం నీళ్లేవీ? తువ్వాలేదీ? అయ్యో, మాత్రల వేళ దాటిపోతోంది, గిన్నెలో తీసి పెట్టలేదా నువ్వు?” అత్తగారు ఆ గది నుంచి ఈ గదికి పరుగులు పెడుతోంది. ఆ నోట్లోంచి ఒక్కో పనీ ఊడిపడుతుంటే, నర్సు ఫారం వెనక్కి తిప్పి ఖాళీ పేజీ మీద రాసుకుంటోంది. “రోజూ ఇవన్నీ ఉంటాయా, అమ్మా?” అంది. అత్తగారు తువ్వాలు పట్టుకుని ఉన్నచోటే ఆగిపోయింది.

ఆయన భార్యవైపే చూస్తున్నాడు, మెట్టు ఉందనుకుని కాలు వేసినవాడిలా. ఆవిడ చేతులు లేవబోయాయి. పేపరు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట చాలు, ఆయన కదులుతాడు. ఆ ఒక్క మాటా మింగడం ఈ నాలుగు నెలల్లో చేసిన అన్ని పనులకన్నా కష్టంగా ఉంది.

ఎనిమిదిన్నరకి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నైట్ షర్టు మీదే నీలం చొక్కా, గుండీలు ఒక కాజా తప్పి. ఒళ్లో మాత్రల అట్ట. దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“పొద్దున వేసుకునేది ఏది?” అన్నాడు.

ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టింది.

“సోమవారం నుంచి నేను ల్యాబ్‌కి వెళ్తున్నానండీ,” అంది ఆవిడ మెల్లగా. “సీటు వచ్చినా, రాకపోయినా.”

అత్తగారు నోరు తెరిచింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. నర్సు ఒళ్లో ఉన్న ఫారం వైపు చూపించాడు.

“సిస్టర్, ఇన్నాళ్లూ అన్నీ నేనే అని చెప్పాను కదా,” అన్నాడు, మాట మాటకీ ఆగుతూ. “తప్పు చెప్పాను. కొట్టేసి మళ్లీ రాయండి.”