కావేరికి ఎవరూ పెట్టొద్దు

మా అమ్మ మంగవ్వకు ఎవరి మీదైనా ప్రేమ పుడితే ముందు ప్లేటు తీస్తుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను కూడా మా ఇంట్లో చాయ్ తాగకుండా గేటు దాటలేడు. అలాంటి మనిషి ఉన్న ఇంటికి, ఎవరూ ఏమీ పెట్టకూడని కుక్కను తెచ్చాం. గొడవ కాక ఇంకేమవుతుంది?

కుక్క మా బాపు కోసం వచ్చింది. బాపు రాజనర్సయ్య బతుకంతా ఫైర్ సర్వీసులోనే పనిచేశాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఒక గోదాములో మంటలార్పుతుంటే మెట్లు కూలి, పొగలో చాలాసేపు ఇరుక్కుపోయాడు. ఒంటి మీద గాయాలు మానాయి గానీ, ఊపిరి మాత్రం ఆయన మాట వినడం మానేసింది. జనం మీదికొచ్చినా, సైరన్ వినిపించినా ఛాతీ బిగుసుకుపోతుంది. చెమటలు పడతాయి. తానెక్కడున్నాడో కాసేపు తెలియదు. మా ఇల్లేమో పంజాగుట్టలో, పెద్దాసుపత్రులకు దగ్గరి గల్లీలో. అంబులెన్సులకు ఇక్కడ వేళాపాళా ఉండదు. దాంతో ఆయన ప్రపంచమంతా హాల్లో కుర్చీ దగ్గరికి వచ్చి ఆగింది. మంచినీళ్ల దగ్గర్నుంచి పేపరు దాకా అన్నీ అమ్మే ఆ కుర్చీ దగ్గరికి తెచ్చి ఇచ్చేది.

మాజీ సైనికులకు, పోలీసులకు, ఫైర్ వాళ్లకు కుక్కల్ని తయారుచేసి ఇచ్చే కేంద్రం ఊరి చివర ఉందని డాక్టరు చెప్పాడు. "నేను అందర్ని కాపాడెటోన్ని. నన్ను కుక్క కాపాడుతదా?" అని బాపు మొదట కసురుకున్నాడు. నేను రోజూ సతాయించి ఒప్పించాను. కేంద్రంలో కొన్నాళ్లు దానితో కలిసి శిక్షణ తీసుకున్నాడు. గోధుమరంగు లాబ్రడార్. ఆ బ్యాచ్ కుక్కలన్నిటికీ నదుల పేర్లు పెట్టారట, మా వంతుకు కావేరి వచ్చింది. బాపు ఊపిరి కాస్త మారితే చాలు, పరుగెత్తుకొచ్చి ఆయన ఒళ్లో తల పెట్టి బరువంతా మోపుతుంది. జనంలోనైతే ఆయనకు అడ్డంగా నిలబడి, ఖాళీ చోటు చూసి అటు నడిపిస్తుంది.

దాన్ని ఇంటికి తెచ్చి దింపిన రోజు ట్రైనర్ మంజూష అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"దీనికి తిండి, నీళ్లు, స్నానం, అన్నీ సారే చూసుకోవాలి. కొన్నాళ్లపాటు మీరెవరూ ఏమీ పెట్టకండి. పిలవకండి, నిమరకండి. అది సార్‌ని ఒక్కరినే చూడాలి."

అమ్మ ముఖం మాడిపోయింది. "మనం తింటుంటే మూగజీవి ఎదురుంగ కూసుంటది. మెతుకు పెట్టకుండ ముద్ద గొంతుల దిగుతదా బిడ్డా?"

"దిగాలి ఆంటీ" అంది మంజూష. మా ఇంట్లో అమ్మతో అలా మాట్లాడిన మొదటి మనిషి ఆ పిల్లే. నాకు భలే నచ్చింది.

ఆ నియమం వారం కూడా నిలవలేదు. బాపు కునుకు తీయగానే నెయ్యి రాసిన చపాతీ ముక్క వంటింట్లోంచి నేల మీద పడేది. పైఅంతస్తులో ఉండే అరుణాదేవి గారు పెసరట్టు వేసినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టుకుని కిందికి దిగేవారు. "పాపమండీ మంగవ్వ గారూ, నోరులేని జీవం. ఒక్క ముక్కకి ఏమవుతుంది?" అనేవారు. పండుమిరప పచ్చడి ఎలా పెట్టాలన్న దగ్గర ఏళ్ల తరబడి ఒకరికొకరు తగ్గని ఇద్దరూ, కావేరి విషయంలో మాత్రం ఒక్కటైపోయారు. నేను అరిచినా లాభం లేకపోయింది. "నది పేరు పెట్టిన్రు. దాన్ని ఎండవెట్టుమంటవా?" అని అమ్మ నా మీదికే లేచింది.

కావేరి గుండ్రంగా తయారైంది. పైగా ఎవరు కనిపించినా ముందు చేతుల వంక చూడడం మొదలుపెట్టింది.

ఆదివారం ఉదయం బాపు దాన్ని పట్టుకుని గేటు దాకా వెళ్లాడు. అదే ఆయనకు పెద్ద ప్రయాణం. సరిగ్గా అప్పుడే గల్లీ మొగలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న అంబులెన్సు కూత ఆపకుండా పెట్టింది. నేను హాలు కిటికీలోంచి చూస్తున్నాను. బాపు గేటు ఊచ పట్టుకున్నాడు. కావేరి ఆయన వైపు తిరిగింది. ఇంతలో వంటింట్లో అమ్మ చేతిలోని గిన్నె చప్పుడైంది. అంతే, అది తాడు లాక్కుని లోపలికి ఉరికింది. నేను గేటు దగ్గరికి చేరేసరికి బాపు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు తెల్లబడిపోయాయి. కావేరి వంటింట్లో మూతి నాక్కుంటోంది.

సాయంత్రం మంజూష వచ్చింది. కాసేపు కావేరిని గమనించి నిట్టూర్చింది.

"ఇది ఇప్పుడు సార్ కుక్క కాదు. అపార్ట్‌మెంట్ కుక్క. ఇంకో రెండు వారాలు చూస్తాను. మారకపోతే తీసుకెళ్లిపోతాను ఆంటీ. దీనికోసం ఒక సుబేదార్ గారు ఎదురుచూస్తున్నారు."

అమ్మకు రోషం వచ్చింది. "తీస్కపోతె తీస్కపో. నేను లేనా ఈయన‌ను సూసుకోను?"

అప్పుడు బాపు నోరు తెరిచాడు. చాలా నెమ్మదిగా అన్నాడు.

"దాన్ని పంపకు మంగా. అది నా ఒళ్ల తల పెట్టినప్పుడు నా కండ్ల ముందటి పొగ పోతది. మన ఇల్లు కనవడ్తది. నువ్వు కనవడ్తవు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఏం జెయ్యాల్నో చెప్పు బిడ్డా" అని మంజూషను అడిగింది.

మంజూష చెప్పింది విన్నాక అమ్మ అడిగినందుకు బాధపడి ఉంటుంది. కుక్కకు పెట్టకపోవడం ఒక్కటే కాదట. సార్‌కి కూడా ఏదీ చేతికి అందించకూడదట. ఆయన లేవాలి, ఆయన నడవాలి. కుర్చీలోంచి కదలని మనిషి వెంట కుక్కకు ఏం పని ఉంటుంది? "దాని డాగ్‌ఫుడ్ గింజలు అయిపోతే కొనుక్కురావాల్సింది కూడా సారే. అమీర్‌పేట దాకా నడిచి వెళ్లాలి. మీరెవరూ వెంట వెళ్లకూడదు."

ఆ రెండు వారాలు మా ఇల్లు చూసి తీరాల్సింది. బాపు చక్కెర డబ్బా కోసం అల్మారాలన్నీ తెరుస్తుంటే, చెప్పాలని నోటి దాకా వచ్చినా అమ్మ పళ్లు బిగించి కూర్చునేది. ఆయన పెట్టిన చాయ్ నీళ్లలా ఉన్నా నేను గుటుక్కున తాగేశాను. కావేరి దగ్గరికొస్తే అమ్మ గోడ వైపు తిరిగిపోయేది. "ఇటు రాకే, నీ కాళ్లు మొక్కుత" అని గోడకే చెప్పుకునేది. అరుణాదేవి గారు పెసరట్టు వేసిన రోజు తలుపు గడియ పెట్టుకుని, "వాసన కిందికి వస్తోందా ఏంటి?" అని కిటికీలోంచి అడిగేవారు. రోజులు గడిచేకొద్దీ కావేరి చూపు బాపు వైపు తిరిగింది. ఆయన లేస్తే లేచేది, ఆయన కూర్చుంటే పాదాల మీద గడ్డం ఆనించేది.

గింజల డబ్బా అడుగంటింది. శనివారం సాయంత్రం బాపు చొక్కా మార్చుకుని, కావేరికి పట్టీ కట్టి బయల్దేరాడు. చాలా వెనకగా మంజూష నడిచింది. ఇవాళ కుదరకపోతే కావేరి ఆమె వెంటే వెళ్లిపోతుందని మా అందరికీ తెలుసు.

అమ్మ గేటు దగ్గర, నేను అమ్మ దగ్గర. మెట్రో కింద రోడ్డు, ఆ హారన్లు, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల నుంచి ఒక్కసారిగా బయటపడే పిల్లల గుంపు, అన్నీ నా కళ్ల ముందు తిరుగుతున్నాయి. రెండు అంబులెన్సులు ఒకదాని వెనుక ఒకటి అటువైపే వెళ్లాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఫోన్ చెయ్యవే."

"వద్దన్నది గదమ్మా."

"నువ్వు, గా పిల్ల, ఇద్దరు రాతిగుండెలోల్లే!"

లోపలికి వెళ్లి మటన్ కూర దింపింది. మళ్లీ వచ్చింది. వీధి దీపాలు వెలిగాయి. వెళ్లి వచ్చేయడానికి పట్టే టైము ఎప్పుడో దాటిపోయింది. ఆయన ఏ గోడ పక్కనో కూలబడి ఉంటాడని నాకనిపించింది. అమ్మకూ అదే అనిపించి ఉంటుంది, చెప్పులేసుకోబోయింది.

అప్పుడు గల్లీ మలుపులో కావేరి కనిపించింది. దాని పక్కన, భుజం మీద మూటతో బాపు. వంగిపోలేదు, ఆయాసపడటం లేదు. తాపీగా, ఏదో పెళ్లి నుంచి వస్తున్నట్టు వస్తున్నాడు.

అమ్మకు కోపం ముంచుకొచ్చింది. "గింత సేపా? బువ్వ సల్లారిపోవట్టె. కాళ్లు కడుక్కో, పెడ్త."

బాపు మెట్టు మీద కూర్చుని మూట విప్పి, ముందు కావేరి గిన్నె నింపాడు. అప్పుడు కొంచెం జంకుతూ అన్నాడు.

"నాకొద్దు మంగా. తినొచ్చిన."

"ఏడ తిన్నవు?"

"మైత్రీవనం కాడ. దోశ బండి. మస్తుగున్నది, ఇంకోటి సుత ఏయించుకున్న."

వెనకే వచ్చిన మంజూష కళ్లు మెరుస్తున్నాయి. "చౌరస్తాలో అంబులెన్సు వచ్చింది ఆంటీ. సార్ ఆగిపోయారు. కావేరి అడ్డం నిలబడి ఆయన్ని గోడ వైపు తీసుకెళ్లింది, కాళ్ల మీద బరువంతా వేసి కూర్చుంది. నేను పరుగెత్తబోయాను గానీ అవసరం పడలేదు. ఆయన సర్దుకుని, ఇంటికి రాకుండా బండి దగ్గరికి వెళ్లిపోయారు! చుట్టూ వంద మంది పిల్లలు. ఎవరో కావేరిని ముట్టుకోబోతే, 'డ్యూటీల ఉన్నది, జర దూరం' అన్నారు."

"మరి కావేరి?" అన్నాను. ఎలా అడగాలో తెలియలేదు.

"ఏంటి మానసా, అదెక్కడికి పోతుంది?" అంది మంజూష. "సుబేదార్ గారికి గోదావరి తయారవుతోంది."

నేను ఏడుస్తూ నవ్వాను. అమ్మ మాత్రం గబగబా లోపలికి వెళ్లింది. మటన్ గిన్నె చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, మమ్మల్ని దాటుకుని మెట్లెక్కింది. నడక చూస్తే కొట్లాటకు వెళ్తున్నట్టుంది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఓ అరుణక్కా, తలుపు తియ్యి! మా ఆయన ఏం జేసిండో విన్నవా? ఇంట్ల కూర పెట్టుకొని, బజార్ల నిలవడి దోశలు తినొచ్చిండు! రెండు దోశలు!"