అడ్డం పెట్టే కట్టె

ఇరవై రెండేళ్లుగా నేను పీఈటీని, అంటే ఆటల సారుని. నా చేతిలోని వెదురు కట్టెది కూడా దాదాపు అంతే సర్వీసు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే దారిలో ఉంది మా మగపిల్లల గురుకులం. ఐదు నుంచి పది వరకు రెండు వందల ఇరవై మంది పిల్లలు, స్నానానికి పదకొండు నల్లాలు. పొద్దున ఐదున్నరకు అక్కడ జరిగేది స్నానం కాదు, యుద్ధం. పదో తరగతి వాళ్లు ముందు దిగేవాళ్లు. ఐదో తరగతి పిల్లలు గోడవారన బకెట్లు పట్టుకుని నిలబడి, చివరికి మొహం తడుపుకుని క్లాసుకు పోయేవాళ్లు. నేను కట్టెతో వెళ్తే ఒక్క నిమిషం నిశ్శబ్దం. నేను వెనక్కి తిరగ్గానే మళ్లీ మొదలు. అయినా కట్టె పనిచేస్తోందనే నమ్మేవాణ్ణి.

ఈ ఏడాది జూన్‌లో కొత్త ప్రిన్సిపాల్ స్వరూప మేడం వచ్చి, బడిని పిల్లలే నడుపుకోవాలన్నారు. ఎన్నికలు పెట్టారు. స్కూల్ కెప్టెన్, తరగతికి ఇద్దరు ప్రతినిధులు, మెస్ కమిటీ, లైబ్రరీ క్లబ్, సైన్స్ క్లబ్. ఒక్కొక్కడికి ఒక బ్యాడ్జి, ఎర్ర పట్టీ. కోతికి కొబ్బరికాయ దొరికినట్టుందని స్టాఫ్ రూములో అన్నాను. నల్లాల దగ్గర బాధ్యతకు మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాడు లేడు. చివరికి ఆ రోజు జ్వరమొచ్చి ఇంటికి పోయిన ఎనిమిదో తరగతి తిరుపతి పేరు రాసేశారు. వాడిది పెన్‌పహాడ్, గొర్రెలు కాసే ఇల్లు. వాడు తిరిగొచ్చేసరికి నల్లా కెప్టెన్ అయిపోయాడు. ఆ పదవికి బ్యాడ్జి కూడా లేదు.

"నెల రోజులు చూద్దాం సార్. నల్లాల కాడ కొట్లాట ఆగకపోతే ఈ కమిటీలన్నీ రద్దు చేస్త, డ్యూటీ మళ్ల మీకే" అన్నారు మేడం. నెల ఎందుకు, వారం చాలనుకున్నాను.

మూడో రోజే తిరుపతి నుదుటికి ఎవడిదో బకెట్ తగిలి బొప్పి కట్టింది. పిలిచాను.

"నువ్వు ఊఁ అంటే చాలురా. రేపు కట్టె పట్టుకొని నేనొస్త."

"మీరు వద్దు సార్. కట్టె ఒక్కటి ఇయ్యుండ్రి."

"కొడతవా?"

"కొట్టనీకి గాదు సార్, అడ్డం పెట్టనీకి. మా తాత మల్సూరు గొర్లను నీళ్లకు ఇడిసేటప్పుడు కట్టె అడ్డం పెట్టి కొన్ని కొన్ని ఇడుస్తడు. ముందుగాల పిల్లలు, కుంటియి. పెద్దయి ముందు దిగితే నీళ్లన్ని బురద జేస్తయి."

నవ్వొచ్చింది. నా కట్టె ఇవ్వనన్నాను. మర్నాడు వాడు విరిగిన మాప్ కర్ర ఒకటి తెచ్చుకుని దారికి అడ్డంగా పట్టుకున్నాడు. పదకొండు మందిని లోపలికి వదలడం, నాలుగు నిమిషాలాగి ఇంకో పదకొండు మందిని వదలడం. ముందు ఐదో తరగతి. పెద్దవాళ్లు గొణిగారు, తోశారు. వాడు కర్ర వదల్లేదు. రెండు రోజులకు అందరికీ అర్థమైంది, ఇలా అయితే ఏడింటికల్లా ఆఖరివాడి స్నానం కూడా అయిపోతుందని. తొమ్మిది రోజులు ఒక్క దెబ్బలాట లేదు. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. తెల్లారితే నాకు పని లేకుండా పోయింది.

పదో రోజు ఈ పద్ధతి ఎక్కడిదో బయటపడింది. పెన్‌పహాడ్ పిల్లాడొకడు నోరు జారాడు. పదో తరగతి వాళ్లకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఆదివారం మీటింగ్ పెట్టారు. స్కూల్ కెప్టెన్ ప్రేమ్‌కుమార్ కోదాడ పిల్లాడు. లేచి నిలబడ్డాడు.

"మమ్మల్ని గొర్రెల్లాగా తోలుతున్నాడు మేడం. వీణ్ణి తీసెయ్యాలి."

తీసేస్తే ఆ పని తీసుకునేవాడు ఇంకొకడు లేడు. కమిటీలు రద్దు, నల్లాలు మళ్లీ నావి. అది నాకూ తెలుసు, తిరుపతికీ తెలుసు.

"ఏమంటవ్?" అని మేడం అడిగారు.

"గొర్లని నేను అనలే మేడం. మా తాత జేసినట్టు జేసిన. మా తాత గొర్లను ఎన్నడు కొట్టలే."

ఐదో తరగతి ప్రతినిధి సాయితేజ అంతవరకు ఒక్క మీటింగులోనూ నోరు విప్పలేదు. అప్పుడు లేచాడు.

"నన్ను గొర్రె అన్నా ఏం గాదు మేడం. తొమ్మిది రోజులసంది నేను తానం జేసి క్లాసుకు వోతున్న."

అందరూ నవ్వారు. పన్నెండు మంది ప్రతినిధులు ఓట్లు వేస్తే ఆరుకు ఆరు. సమానమైతే ఆఖరి ఓటు స్టాఫ్ సలహాదారుది, అంటే నాది. మేడం నా వైపు చూశారు. "తిరుపతి ఉండాలంటే చెయ్యెత్తండి సార్."

నేను కోరుకున్నది చేతికందింది. ఊరికే కూర్చుంటే చాలు. కానీ తొమ్మిది రోజులూ నా కళ్లతో చూశాను, అబద్ధం ఎలా ఆడను? చెయ్యెత్తాను.

ఆ చేతిలో కట్టె ఉంది. ముందు వరుసలో కూర్చున్న సాయితేజ చటుక్కున రెండు చేతులూ తలమీద పెట్టుకుని వంగిపోయాడు. వాడి పక్కవాడూ అంతే.

నేను ఎత్తింది ఓటుకు. వాళ్లకు తెలిసింది ఒక్కటే. ఇరవై రెండేళ్లలో అంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు. చెయ్యి దించడానికి కూడా భయమేసింది.

మర్నాడు ఐదున్నరకు నల్లాల దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే లైను బిగుసుకుపోయింది. తిరుపతి చేతిలోని మాప్ కర్ర తీసి పక్కన పెట్టి, నా కట్టె ఇచ్చాను.

"ఇది జర పొడుగుంటది. మేడంకు చెప్పి బ్యాడ్జి గూడ ఇప్పిస్త."

"బ్యాడ్జి ఎందుకు సార్, తడుస్తది" అన్నాడు. కట్టె మాత్రం తీసుకున్నాడు.

దారికి అడ్డంగా, పిల్లల ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు. ముందు ఐదో తరగతి. వెనక, అందరికంటే ఆఖరున, ప్రేమ్‌కుమార్ బకెట్ పట్టుకుని ఆవులిస్తున్నాడు. సాయితేజ కట్టె దాకా వచ్చి ఆగాడు. కట్టెను చూశాడు, నన్ను చూశాడు. తన వంతు వచ్చేదాకా మోయడం దేనికనుకున్నాడో ఏమో, భుజం మీది తువ్వాల తీసి నా కట్టె మీద వేశాడు.