వంటగది లేని గది

నెవెంకా కాప్సికంలలో ఖీమా కూరుతుండగా భర్త తిహోమిర్ ఆ మాట అన్నాడు. "త్రియెస్తెలో వంటగది ఉన్న ఫ్లాట్ చూడు నెవెంకా. రెండు రోజులు బయట తింటే చేతి చమురు వదులుతుంది. నువ్వెలాగూ ఉన్నావుగా." ఆ చివరి ముక్క టీవీ వైపు తిరిగి అన్నాడు.

పెళ్లయి ముప్పై ఏళ్లయిందని పిల్లలు కొనిచ్చిన ఓడ ప్రయాణం అది. సరిహద్దు అవతలి త్రియెస్తె రేవులో ఎక్కాలి. అమ్మనొక్కదాన్ని ఇక్కడ కార్లొవత్స్‌లో ఎలా వదిలేస్తామని తిహోమిర్ అంటే అత్తగారు ష్టెఫిత్సాకీ టికెట్ తీశారు. ఓడెక్కేముందు రెండు రోజులు ఆ ఊళ్లో ఉందామన్నది మాత్రం నెవెంకా ఆలోచన. అప్పట్నుంచీ ఆమెకు కాలు నేలమీద నిలవడం లేదు. తను పనిచేసే క్లినిక్‌లో పళ్ల డాక్టరు పనిముట్లు కడుగుతున్నంతసేపూ మనసు అక్కడే. చిన్నప్పుడు ఒకసారి వాళ్లమ్మ జీన్స్ ప్యాంట్లు కొనడానికి తనను ఆ ఊరికి తీసుకెళ్లింది. సుంకం కట్టకుండా తేవడానికి నెవెంకా మూడు ప్యాంట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, తిరిగి సరిహద్దు దాటేదాకా చెమటలు కక్కుతూ కూర్చుంది. కొట్లు చూసింది గానీ సముద్రం చూడలేదు. ఈసారి రాతి జెట్టీ చివరిదాకా నడవాలి. సిటీ బస్సెక్కి ఒడ్డునున్న తెల్ల కోటకు వెళ్లాలి, తోటకు టికెట్ అక్కర్లేదట. కాఫీ నిలబడి తాగితే చవక. ఒక్కసారి మాత్రం, ఎంతైనా సరే, కూర్చుని తాగాలి.

చేతులు కడుక్కుని ఫోన్‌లో ఫ్లాట్లు చూసింది. అన్నిటికంటే చవకైనదాంట్లో పొయ్యి, పక్కన సింకు, సింకు ఎదురుగా గోడ. కిటికీ వేరే గదిలో ఉంది. ఏటా వేసవిలో సముద్రానికి వెళ్లినప్పుడు అద్దెకు తీసుకునే గదులూ ఇలాగే ఉండేవి. "నీ చేతి వంట ముందు హోటళ్లు ఎందుకు పనికొస్తాయి," అనేవారు అత్తగారు. అది మెచ్చుకోలే అనుకునేది. "నీళ్లు ఎంత బాగున్నాయో తెలుసా," అంటూ తిహోమిర్ పిల్లలతో తడిసి వచ్చేవాడు. నీళ్ల సంగతి ఆమెకు వాళ్ల తువ్వాళ్లు పిండేటప్పుడు తెలిసేది.

కాప్సికంలు పొయ్యిమీద ఉడుకుతుండగా బాల్కనీలోకి వెళ్లి, త్రియెస్తెలో నన్‌లు నడిపే వసతిగృహానికి ఫోన్ చేసింది.

"ఒక్కరికేనా?" అని అడిగింది అవతలి సిస్టర్.

"ఒక్కదాన్నే," అంది నెవెంకా. ఆ మాట పైకి వినగానే నవ్వు ఆపుకోలేక రెయిలింగ్ పట్టుకుంది.

భోజనాల దగ్గర అత్తగారు అడిగారు. "అమ్మాయీ, మన మూకుడు పట్టుకెళ్దామా? అక్కడివి ఎలా ఏడుస్తాయో."

"తీసుకెళ్లండి అత్తయ్యా. మీ చేతికి అలవాటైనదే మంచిది."

"ఫ్లాట్ దొరికిందా మరి?" అన్నాడు తిహోమిర్ నోట్లో ముద్దతోనే.

"దొరికింది. వంటగది ఉంది. మీ ఇద్దరికీ సరిగ్గా సరిపోతుంది. నేను సిస్టర్ల దగ్గర దిగుతున్నాను. ముగ్గురి ఫ్లాట్ కన్నా ఇలాగే చవక, నేను చూశాను."

తిహోమిర్ ఫోర్క్ కింద పెట్టాడు. తల్లి వైపు చూశాడు, ఆవిడ కొడుకు వైపు చూశారు.

"మరి రెండు రోజులూ మాకు..." అన్నాడు.

నెవెంకా ఇంకో కాప్సికం తన పళ్లెంలో వేసుకుంది.

"ఓడ దగ్గర కలుద్దాం," అంది.