మూడో బట్టీ వాకిలి

మట్టి గొట్టాల ఫ్యాక్టరీకి నూరేళ్లయిందని యాజమాన్యం చరిత్ర పుస్తకం వేయించింది. పొగగొట్టం ఎన్ని అడుగులో రాశారు. మొదటి లారీ రంగు రాశారు. దొర గారి తాతకు ఏ పువ్వు ఇష్టమో కూడా రాశారు. పనివాళ్లకు మాత్రం ఒక్క వాక్యం: "ఈ నూరేళ్లలో ముగ్గురు పనివాళ్లు ఇల్లూ పిల్లలనూ వదిలేసి, చెప్పకుండా ఊరు దాటిపోయారు."

ఆ ముగ్గురిలో చివరివాడి కూతురు ఇప్పుడు యాభై దాటిన మనిషి. అదే ఫ్యాక్టరీలో గొట్టాలు తట్టే పని. కాలిన గొట్టాన్ని చెక్క సుత్తితో తడితే గంటలా మోగాలి. మోగకపోతే లోపల పగులున్నట్టే. అందుకే అందరికీ ఆమె తట్టక్క.

మేనేజరు ఆ వాక్యం రాసిన కాగితం ఆమె ముందు పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా. మీ నాన్న సంగతి కుటుంబం కూడా ఒప్పుకున్నట్టు ఉంటుంది."

"చెప్పులు బట్టీ ముందు విడిచి, ఉత్తకాళ్లతో పారిపోయాడా సార్ మా నాన్న?"

"నలభై ఏళ్ల నాటి చెప్పుల గొడవ ఇప్పుడెందుకమ్మా!"

ఆమె కాగితం మడిచి నడుమున దోపుకుని మూడో బట్టీ దగ్గరికి నడిచింది. అక్కడ ఆమె మేనమామ ఉన్నాడు. బతుకంతా బట్టీ వాకిళ్లు ఇటుకలతో మూసిన మనిషి. నూరేళ్ల వేడుకకని ముసలాణ్ణి మళ్లీ పిలిపించారు. లోపల పచ్చి గొట్టాలు పేర్చారు, వాకిలి కట్టేశారు, ఇక ఒక్క ఇటుకే మిగిలింది.

ఆ ఇటుక పెట్టే ముందు కర్రతో గోడను మూడుసార్లు తట్టి, "లోపల ఎవరున్నారు?" అని అరవాలి. గొట్టాలు పేర్చేవాళ్లు కిందటిసారి కాల్చిన వెచ్చదనానికి మూలన కునుకు తీస్తుంటారు కదా. మామ మాత్రం నలభై ఏళ్లుగా ఆ కర్ర ముట్టడు. పక్కవాడి చేత తట్టిస్తాడు.

"మామయ్యా, ఇవాళ నువ్వే తట్టు."

"నా చెయ్యి వణుకుతుందే అమ్మాయ్."

"ఇటుకలు పేర్చేటప్పుడు వణకలేదుగా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ముసలాడు కర్ర తీసుకున్నాడు. మూడుసార్లు తట్టాడు. అరవడానికి నోరు తెరిచాడు.

లోపలి నుంచి మూడుసార్లు జవాబు వచ్చింది.

నవ్వులు ఆగిపోయాయి. లోపలున్నవన్నీ పచ్చి గొట్టాలు. పచ్చి మట్టి మోగదు. ఆ చప్పుళ్లు మాత్రం గంటలా మోగాయి. బాగా కాలిన గొట్టం మోత.

ఇటుకలు పీకేశారు. దీపం పట్టుకుని మూలమూలా వెతికారు. మనిషి లేడు.

"ఎలుకలయ్యా," అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ.

"మూడు లెక్కపెట్టే ఎలుకలా సార్?" అన్నాడు గొట్టాలు పేర్చేవాడు.

మళ్లీ కట్టారు. ఈసారి ఆమే తట్టింది. మళ్లీ మూడు. మామ అక్కడే కూలబడ్డాడు.

"ఆ రోజు తట్టలేదే తల్లీ. పెద్ద దొర తొందరపెట్టాడు. నిప్పు పెట్టాక వినపడింది. మూడు. కాస్త ఆగి, మళ్లీ మూడు. గొట్టాలు పగులుతున్నాయిలే, నీ పని చూసుకో అన్నాడు."

"నువ్వేం చేశావు మామయ్యా?"

ముసలాడు ఆమె ముఖం చూడలేదు.

"బొగ్గు వేశాను."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, మామను తిట్టలేదు. గోడకు నోరు ఆనించి, "విన్నాం నాన్నా," అంది. కాగితం తీసి సంతకం చోటున పెద్ద అక్షరాలతో రాసింది: మా నాన్న పారిపోలేదు. మూడో బట్టీలో కాల్చేశారు. రాసింది రాసినట్టు పైకి చదివింది. మామ చేత వేలిముద్ర వేయించింది. పేర్చేవాడూ, ఇంకో పదిమందీ దాని కిందే సంతకాలు చేశారు.

మరోసారి తట్టింది. జవాబు లేదు. మూడో బట్టీ మామూలు గోడలా ఊరుకుంది.

"అయిపోయిందిగా, ఇక వెలిగించండి," అన్నాడు మేనేజరు. ఒక్క చెయ్యి కదల్లేదు.

అప్పుడు ఆవరణ అవతల, చల్లారి ఇరవై ఏళ్లయిన ఒకటో బట్టీలోంచి, ఎవరో తట్టారు. మూడుసార్లు.

తట్టక్క కాగితం వెనక్కి తిప్పింది. అటు ఖాళీగానే ఉంది, మిగిలిన ఇద్దరికీ సరిపోయేంత. కలం పట్టుకుని అటు నడిచింది.