ఒక్క గుక్క ముంబ్వా

మసాకా నుంచి అత్త దిగిందంటే నముద్దుకు ప్రాణం మీదికి వచ్చినట్టే. ఈసారి ఒంటరిగా రాలేదు మహాతల్లి. వాళ్ల ఆచారం ప్రకారం కోడలు తప్పు చేస్తే జవాబు చెప్పాల్సింది ఆమె మేనత్తే కదా, అందుకని నముద్దు మేనత్త నలుబేగాను వెంటబెట్టుకుని మరీ వచ్చింది. కవలల్ని కన్నది కాబట్టి ఊరంతా అత్తను నాలోంగో అని గౌరవంగా పిలుస్తారు. ఆ గొప్పంతా ఆవిడ కోడలి మీదే చూపిస్తుంది.

నముద్దు చాప మీద మోకరిల్లి పలకరించింది. నాలోంగో ఆకులూ మన్నూ కలిపి ఎండబెట్టి, కడుపు పండాలని తాగించే ముంబ్వా కడ్డీని నీళ్లలో అరగదీసి, కప్పు ముందుకు తోసింది.

"తాగు. నా కొడుకింట్లో అరటికాయలు మెక్కి కూర్చోవడమే తప్ప ఏం ఒరగబెట్టావు?"

"నా కిడ్నీలు రెండుసార్లు చెడి కుదుటపడ్డాయి అత్తయ్యా. నాటుమందు తాగితే మళ్లీ చెడతాయన్నాడు డాక్టరు. ఇప్పుడు వేసుకునే బీపీ మాత్ర కూడా కడుపులో బిడ్డకు చేటట. అది మార్చి, కిడ్నీలు నిలకడగా ఉన్నాయని తేలాక కనమన్నాడు."

"కవలల్ని డాక్టరు కన్నాడా, నేను కన్నానా? గొడ్రాలికి సాకులకేం తక్కువ!"

మేనత్త ఇంకా మంట పెట్టింది. "తాగి చావవే! మా పెంపకాన్ని బజారుకీడ్చకు."

నముద్దుకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ కోసం వీళ్లందరికంటే ఎక్కువ ఏడ్చింది తనే. ఆసుపత్రిలో పక్కనే కూర్చుని, డాక్టరు చెప్పినదానికల్లా తలూపిన మొగుడు కిగ్గుండు ఇప్పుడు గోడకేసి చూస్తున్నాడు.

"మీరైనా చెప్పండి. డాక్టరు మాట మీరూ విన్నారుగా?"

"ఒక్క గుక్కేగా నముద్దూ. అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకు?"

ఛీ, ఏం మనిషి! మందు మార్చే రోజు దాకా ఓపిక పడదామని మొన్ననే అన్న నోరది.

"బిడ్డను కంటాను అత్తయ్యా. బతికుండి కంటాను. ఆ బిడ్డకు తండ్రి కావాలో వద్దో మీ అబ్బాయినే తేల్చుకోమనండి."

"పెద్దల ముందు ఏమిటా మాటలు?" అని కసిరి, కిగ్గుండు తన చేత్తోనే కప్పు తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

నముద్దు కప్పు అందుకుంది. ఆ బురదనీళ్లు అతని ఒళ్లో కుమ్మరించి, మాత్రల సంచీ తీసుకుని బయటికి నడిచింది. వెనక ముగ్గురూ ఒకే గొంతుతో తిడుతున్నారు. ఈ ఇంట్లో ఇక తన కడుపు పండదని తెలిసి వీధి మలుపు దాకా వెక్కి వెక్కి ఏడ్చింది కానీ, ఆగలేదు.