మేకుకు వేలాడిన కార్డు

మా అపార్ట్‌మెంటులో గేటుకూ, మోటారు గదికీ తాకిస్తే తెరుచుకునే కార్డులు పెట్టి ఆర్నెల్లయింది. ఇళ్లవాళ్ల కార్డులు ఇళ్లలోనే ఉంటాయి. పనివాళ్లు మాత్రం పోయేటప్పుడు తమవి గేటు పక్క మేకులకు తగిలించి పోవాలి. ఇంటికి తీసుకుపోతే దొంగలకిస్తారని మా ప్రెసిడెంటు రామకృష్ణ గారి భయం. కర్నూలు ఎండకు ఆ కార్డులు వడియాల్లాగా ఎండుతుంటాయి.

మొన్న సోమవారం మోటారు గదిలోంచి కొత్త మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. కంప్యూటర్లో చూస్తే మధ్యాహ్నం రెండుంబావుకు ఆ తలుపు తెరిచింది మెట్లు కడిగే ఓబులమ్మ కార్డు.

"రెండుకు నేను ఇంట్లో బిడ్డకు అన్నం పెడ్తాండా. కార్డు మేకుకే ఉండాది," అంది ఓబులమ్మ. ఏడవలేదు. "దొంగదని పంపిస్తే ఈ ఊర్లో నాకింక పనెవరిస్తారు మేడమ్?"

ఆమె తరఫున ప్రెసిడెంటు దగ్గరికి నేనే వెళ్లాను. "మేకు మీదిది ఎవరైనా తీయొచ్చు కదా సార్? పైగా ఈ రకం కార్డుకు నకలు తీస్తారంట."

"వాచ్‌మన్ ఉన్నాడు. కార్డు అబద్ధం చెప్పదమ్మా. ఆదివారం మీటింగులో ఆమెను తీసేస్తాం."

వాచ్‌మన్ మధ్యాహ్నం గురక నాలుగో అంతస్తుకు వినబడుతుంది.

శనివారం ప్రెసిడెంటు గారి భార్య కృష్ణవేణమ్మ గారిని అడిగాను. "సార్ కార్డు ఒక గంట ఇస్తారా?"

"ఏం చేస్తావే?"

"సార్ పరువు తీస్తా."

"దానికి గంటెందుకు?" అంటూ సార్ చొక్కా జేబులోంచి తీసిచ్చింది.

బస్టాండు దగ్గర తాళాలంగడతను ఎవరిదని కూడా అడగలేదు. నేను చెరుకురసం తాగేలోపు రెండో కార్డు చేతిలో పెట్టాడు.

ఆదివారం మీటింగులో అందరూ కూర్చున్నాక అడిగాను. "సార్, మీ కార్డు ఎక్కడుంది?"

ఆయన జేబు తట్టి చూపించాడు.

"కంప్యూటర్లో ఏముందో చదవండి."

"రామకృష్ణ, మూడువందల రెండు, మోటారు గది, పదకొండూ రెండు..." గోడ గడియారంలోనూ పదకొండూ రెండే. "ఏందిది! నేను ఈడనే కూర్చోనుండా గదా!" కోపమొస్తే సార్‌కు సొంత భాష వస్తుంది.

"కార్డు అబద్ధం చెప్పదు సార్. మోటారు యాడ దాచినారు?"

వెనక వరసలో కృష్ణవేణమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే మోటారు గది వైపు నుంచి ఓబులమ్మ వచ్చింది, చేతిలో నకలు కార్డు పట్టుకుని.

"నకలు తీయలేని కార్డులు తెప్పియ్యండి సార్. మావి మా కాడే ఉంటాయి. నేను దొంగను కాదని ఇదే మీటింగులో రాయండి. అంతదాకా మెట్లు మీరే కడుక్కోండి."

ఆమె కార్డు పైకెత్తింది.

"ఇంతకూ సారు కార్డు ఏ మేకుకు తగిలించాల?"