ఎద్దు మూతికి బుట్ట

మా మనవరాలు మీనాకి బళ్ళో చేప అని పేరు పడింది. తప్పు నాది కాదు, కొరమీనుది.

వానాకాలం కొరమీను బోదెలోంచి గట్టెక్కి పక్క చేలోకి పాక్కుంటూ పోవడం మా ఊళ్ళో అందరూ చూసిందే. నేను దాన్ని ఇంకొంచెం ముందుకి నడిపించానంతే. గట్టు మీద తాటిచెట్టు కనిపిస్తే ఎక్కిందనీ, లొట్టిలో కల్లు తాగి దిగడం మరిచిపోయిందనీ, పొద్దున్నే గీతగాడు పైకి వెళితే ‘ఎవడ్రా నువ్వు, తలుపు కొట్టకుండా వచ్చావు’ అందనీ చెప్పాను. పిల్ల నవ్వుతుందని చెబితే, అది క్లాసులో నిలబడి మా తాతయ్య కళ్ళారా చూశారని అందరికీ చెప్పి వచ్చింది. ఇంగ్లీషులో నమ్మకూడని మాటకి చేప వాసన వేస్తుందంటారట. ఆ రోజునుంచి అది ఏం చెప్పినా, ఆఖరికి మా ఇంట్లో కరెంటు పోయిందని చెప్పినా, పిల్లలు ముక్కు మూసుకుని ‘ఫిషీ మీనా’ అనేవారు. మీనా అంటేనే చేప అని ఆ అమాయకులకి తెలియదు.

ఎనభై రెండులో మాట ఇది. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ప్రమోద దగ్గర ఉంటున్నాను. అల్లుడు భాస్కర్ కార్ల ఇంజనీరు. బెజవాడ నడిబొడ్డున పుట్టి పెరిగాడు. వడ్లు చెట్టుకి కాస్తాయా తీగకి కాస్తాయా అని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పే మనిషి. మంచివాడే గానీ, ఫోన్లో ఎవరు దొరికినా ‘నా ఇల్లు, నా బేస్‌మెంటు, నా గరాజు’ అని మొదలుపెట్టేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా నాలుక దురద పెట్టేది.

ఒకరోజు మీనా బడినుంచి వచ్చి బూట్లు విప్పకుండానే నా ముందు నిలబడింది.

“తాతయ్యా, నేను ఆచే పిక్ చేశాను. హ్యాట్‌లోంచి.”

“ఆచితూచి తీశావా? మంచిపని.”

“నో, తాతయ్యా! ఆచే. ఇట్స్ ఎ ప్లేస్. ఇండోనేషియాలో. రైస్ విలేజ్ గురించి రిపోర్ట్ రాయాలి. లైబ్రరీ బుక్‌లో ఫోర్ లైన్స్ ఉంది అంతే.”

ఆ నాలుగు లైన్లలో ఉన్నదేమిటంటే, ఆచే సుమత్రా దీవి కొసన ఉంది, వరి పండిస్తారు, గేదెల్ని పెంచుతారు, తురకలు. వరి అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఓస్, ఆచేనా! మా ముత్తాత కోరంగి రేవులో ఓడెక్కి అక్కడికి పంచెలు అమ్ముకు రాలేదూ!”

నిజానికి మా ముత్తాత గోదావరి దాటాలంటేనే పడవలో కళ్ళు మూసుకునేవాడు.

మీనా నా మొహంలోకి చూసి వేలెత్తింది. “తాతయ్యా, నో స్టోరీస్. ప్రామిస్ చెయ్యి. ఇది కూడా రాంగ్ అయితే నేను హైస్కూల్ దాకా ఫిష్.”

ఆ కళ్ళల్లో నీళ్ళు చూసి చేతిలో చెయ్యి వేశాను. అందుకే మొదటి ముక్క నిఖార్సయిన నిజం చెప్పాను. వరి పండే ఊరు ఎక్కడైనా వరి పండే ఊరే గదా. కోత కోశాక కళ్ళంలో పనలు పరిచి, ఎద్దుల్ని వరసగా కట్టి తొక్కిస్తారనీ, గింజ రాలుతుందనీ చెప్పాను. మీనా రాసుకుంది.

“ఓకే. ఇంకా టూ అమేజింగ్ ఫ్యాక్ట్స్ కావాలి.”

అమేజింగ్ అంటే ఏమిటని అడిగాను. నోరు తెరుచుకునేలా ఉండాలట. నిజంతో ఎవరి నోరు తెరిపించగలం చెప్పండి?

రెండోదిగా, పొలం మధ్య మంచె మీద ఒక ముసలమ్మ కూర్చుంటుందనీ, చేను నాలుగు మూలలకీ తాళ్ళు కట్టి వాటి కొసలన్నీ తన కాలి బొటనవేలికి చుట్టుకుంటుందనీ, వేలు కదిపితే ఊరవతల పిట్ట కూడా ఎగిరిపోతుందనీ చెప్పాను. మూడోదానికి తడుముకుంటుంటే పక్కగదిలోంచి అల్లుడి గొంతు వినిపించింది. ‘నా ఇంటికి కొత్త రూఫ్ వేయిస్తున్నానండీ...’

“రాసుకోవే,” అన్నాను గొంతు పెంచి. “ఆచే ఊళ్ళో ఇల్లు పెళ్ళానిది. మొగుడు అందులో చుట్టం. నోరు జారాడా, చాపా దిండూ చేతికిచ్చి మెట్లు దింపేస్తారు. ఊళ్ళో అలాంటి మగాళ్ళంతా నమాజు చేసుకునే సావిట్లో వరసగా పడుకుంటారు.”

పక్కగదిలో ఫోను మాటలు ఆగాయి. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

రిపోర్టు బళ్ళో గోడకి అంటించారు. నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఐదోనాడు మీనా పాలిపోయిన మొహంతో ఇంటికి వచ్చింది. వాళ్ళ టీచరు హాలోరన్ అమ్మగారికి తెలిసినవాళ్ళెవరో యూనివర్సిటీలో ఉన్నారట. అక్కడ ఆచేనుంచి వచ్చి వ్యవసాయం చదువుకుంటున్న కుర్రాడొకడు ఉన్నాడట. కొడుకుని చూడ్డానికి అతని తల్లి పల్లెటూరినుంచి ఈ మధ్యనే వచ్చిందట. శుక్రవారం ఆ తల్లీకొడుకులు క్లాసుకి వస్తున్నారు. మీనా తన రిపోర్టు వాళ్ళ ఎదురుగా చదవాలి.

“తాతయ్యా,” అంది చాలా నెమ్మదిగా. “అందులో విచ్ వన్ ఈజ్ ట్రూ?”

“ఎద్దులది సత్యప్రమాణంగా నిజం.”

“మిగతా టూ?”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అది ఏడవలేదు, అరవలేదు. అన్నం కూడా ముట్టకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

“సరిపోయిందా నాన్నా?” అంది ప్రమోద. “కొరమీనుతో కడుపు నిండలేదా నీకు?”

“నేనూ వస్తాను శుక్రవారం. ఆవిణ్ణి ముందే కలిసి ఎలాగో సర్దుతాను.”

“ఏ భాషలో సర్దుతారు మామయ్యగారూ?” అన్నాడు భాస్కర్. అతను సెలవు పెట్టి మరీ డ్రైవ్ చేస్తానన్నాడు. నా పరువు పోవడం దగ్గరుండి చూడాలని ఉండి ఉంటుంది.

శుక్రవారం బడి వరండాలో ఆవిడ ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది. కొడుకు కారు పెట్టడానికి వెళ్ళాడు. పేరు సఫియా అని తర్వాత తెలిసింది. నా ఈడుదే. తలకి గుడ్డ, కొడుకు కోటు, ఒళ్ళో స్టీలు డబ్బా. నేను చేతులు జోడించి, లోపలున్న మీనాని చూపించి, ‘పిల్ల ఏం చదివినా మీరు ఇలా ఊపండి తల్లీ’ అని తల ఊపి చూపించాను. ఆవిడ నా తల ఊపుడు జాలిగా చూసి, కోటు జేబులోంచి తైలం సీసా తీసి నా మెడకేసి చూపించి చేతిలో పెట్టింది.

ఏం చెయ్యాలో తోచక మెడకి రాసుకున్నాను. బాగానే మండింది. ఈ డబ్బాలో ఏమిటని సైగ చేశాను.

“బు,” అంది.

“ఏమిటీ?”

మూత తీసింది. తెల్లగా అన్నం. “బు,” అంది మళ్ళీ.

“బువ్వా!” అన్నాను.

“బు! బు!” అంది ఆవిడ, బెంచీ మీద చరుస్తూ. ఇద్దరం చంటిపిల్లల్లా బు, బువ్వ అనుకుంటూ నవ్వుతుంటే ప్రమోద వచ్చి, “బాగుంది వరస. సర్దడం అయిందా నాన్నా?” అంది. అవలేదు. ఈలోగా కొడుకు రిద్వాన్ వచ్చేశాడు, గంట కొట్టేశారు.

వెనక వరసలో బుల్లి కుర్చీల్లో మేం ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మీనా చదువుతుంటే రిద్వాన్ తల్లికి వాళ్ళ భాషలో చెబుతున్నాడు. ఆవిడ అన్నది ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. అది ప్రమోద నా చెవిలో తెలుగులో పోస్తోంది.

మీనా మొదట ఎద్దుల సంగతి చదివింది. వినగానే సఫియా పగలబడి నవ్వింది.

“ఎద్దులా? లేదు లేదు! వడ్లు మేమే తొక్కుతాం, మా కాళ్ళతో. ఎద్దుని వడ్ల మీదికి తోలితే తినెయ్యదూ?”

ముందు వరసలో మచ్చల మొహం కుర్రాడొకడు ముక్కు మూసుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో నలుగురు. నిజం చెబితేనే ఇలా అయితే, అబద్ధాలు చదివాక ఏమవుతుంది? నేను లేచి ఏదో అనబోతే ప్రమోద చొక్కా పట్టుకు లాగింది. కాగితం గోడ మీద అందరూ చూసిందే, ఇప్పుడు దాటేసి లాభం లేదు. మీనా ఒకసారి నావైపు చూసింది. ఆ చూపు వర్ణించను. తర్వాత ముసలమ్మ బొటనవేలు చదివింది.

సఫియా నవ్వు ఆగిపోయింది. కొడుకుని రెండోసారి చెప్పమంది. లేచి నిలబడింది. బూటు విప్పింది. మేజోడు లాగేసింది. ఆ కాలు తీసుకెళ్ళి హాలోరన్ అమ్మగారి బల్ల అంచున పెట్టి, బొటనవేలు ఆడించింది.

“ఈ వేలే! పిల్లకి ఎవరు చెప్పారు? ఒక చంకలో బిడ్డ, ఒక చేతిలో చాప అల్లిక, తాడు కాలికి. మా అత్త పొలం మొత్తం ఈ వేలితోనే కాశాను.”

పిల్లలు ముక్కులు వదిలేసి వేలు చూడ్డానికి ఎగబడ్డారు. నాకు మాత్రం చెమట పట్టింది. ఇన్నేళ్ళుగా అబద్ధాలు చెబుతున్నాను, ఒక్కటీ నా మొహాన ఇలా ప్రాణం పోసుకుని నిలబడలేదు.

మీనా గొంతు కొంచెం లేచింది. ఇల్లు పెళ్ళానిదనీ, మొగుడు చుట్టమనీ చదివింది.

“మరి ఇంకెవరిది?” అంది సఫియా ఆశ్చర్యంగా. “నా ఇల్లు మా నాన్న నాకు కట్టించాడు. నా కూతురికి మేం కట్టించాం. మా భాషలో భార్యని పిలిచే మాటకి అర్థమే ఇంటి యజమాని అని. మా ఆయన వ్యాపారానికి పోయి ఏణ్ణర్ధానికి వచ్చినా, కాళ్ళు కడుక్కుని మెట్ల కింద నిలబడి పిలిచేవాడు. నాకు కోపమొస్తే సావిట్లో పడుకునేవాడు. అక్కడ తోడు బోలెడుమంది.”

ఈ ముక్క ప్రమోద నాకు చెప్పే ముందు మొగుడికి అనువాదం చేసింది. అతనికి ఇంగ్లీషు వచ్చు. అయినా చేసింది.

ఆ తర్వాత ఆవిడ ఊరి సంగతులు తనే చెప్పుకుపోయింది. నాట్లకి ముందు ఊరంతా చేను గట్టున వండుకు తింటారట. నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో ఒక పెద్దమనిషి చెబుతాడట, చెప్పినా కొట్టుకుంటారట. ఈమధ్య గ్యాసు ఫ్యాక్టరీ వచ్చి మగపిల్లలంతా అటు పోతే, నాట్లూ కోతలూ ఆడవాళ్ళ నడుముల మీదే పడ్డాయట. ఇవన్నీ వింటుంటే మా ఊరి సంగతులే, పేరు ఒక్కటే మార్చుకుంటే సరిపోతుందనిపించింది. కోతల వేళ అడవినుంచి ఏనుగు వస్తే, దాన్ని తిట్టకూడదట. ‘తాతగారూ, తిన్నది చాలు, మా పిల్లలకి కాస్త ఉంచండి’ అని మర్యాదగా అడిగితే వెళ్ళిపోతుందట. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒక్కడూ ముక్కు మూసుకోలేదు. నేనొక్కణ్ణే నమ్మలేదు. ఆవిడ నా కులమేనని తేలిపోయింది.

హాలోరన్ అమ్మగారు ఎద్దుల సంగతి వదిలిపెట్టలేదు. “మరి అది ఎక్కడిది మీనా?” అని అడిగింది.

“అది మా గ్రాండ్‌పా వాళ్ళ ఊళ్ళో అలా చేస్తారుట.”

సఫియా నావైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. “ఎద్దు తినెయ్యదా?”

“మూతికి చిక్కం కడతాం,” అన్నాను లేచి. ప్రమోద అది ఇంగ్లీషు చేసింది: ఎద్దు మూతికి బుట్ట.

క్లాసు ఒక్కసారి గొల్లుమంది.

“ఎద్దుకి బుట్టా?” అంది సఫియా, పొట్ట పట్టుకుని. “మరి వడ్ల మీద పేడ వేస్తే?”

“కింద పడనిస్తామా? వెనకే ఒకడు గడ్డి పట్టుకుని తయారుగా ఉంటాడు. తోక లేచిందంటే పరిగెత్తి పట్టేస్తాడు!”

ఇక చూడండి. పిల్లలు కుర్చీల్లోంచి దొర్లారు. హాలోరన్ అమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. సఫియా కొడుకు భుజమ్మీద వాలిపోయి ఏదో అంది. ‘మా ఊళ్ళో కూడా ఇలాంటి ముసలాడు ఒకడున్నాడు’ అందట. తల్లి మీద ఒట్టు, నేను చెప్పిందాంట్లో ఒక్క అక్షరం పొల్లు లేదు. ఆ గడ్డి పట్టుకుని పరిగెత్తినవాణ్ణి నేనే, పదేళ్ళప్పుడు.

మచ్చల కుర్రాడు చెయ్యెత్తాడు. “మీనా, బుట్ట సంగతి నిజమా?”

క్లాసంతా దానివైపు తిరిగింది. ఎన్నాళ్ళకో దాని మాట కోసం ఆగారు. మీనా నన్ను చూసింది, సఫియా బొటనవేలు చూసింది, కాగితం నీటుగా మడిచింది.

“ఆచే ఫ్యాక్ట్స్ రెండూ ట్రూ,” అంది. “ఎద్దులది మా తాతయ్య స్టోరీ. ఐ యాం సారీ. నేను చెక్ చెయ్యాల్సింది.”

అందరూ చప్పట్లు కొట్టారు. మచ్చల కుర్రాడు మీనాకి చేయి ఊపి, నావైపు తిరిగి ముక్కు మూసుకున్నాడు. “ఫిషీ గ్రాండ్‌పా,” అన్నాడు, చాలా గౌరవంగానే.

తిరుగు ప్రయాణంలో కార్లో మీనా నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. మూడ్రోజుల తర్వాత మళ్ళీ ఆకలేస్తోందని కూడా అంది. నేను కాసేపు ఓర్చుకున్నాను గానీ పడలేకపోయాను.

“మీనా, ఆ చిక్కం మాట నిజమే బంగారూ.”

“షూర్, తాతయ్యా.”

“ఒట్టు!”

“ఇక ఆపండి మామయ్యగారూ,” అన్నాడు భాస్కర్ అద్దంలోంచి. “బుట్ట వరకూ ఓకే. వెనకాల మనిషి పరిగెత్తడం టూ మచ్.”

కళ్ళంలో గడ్డి కుప్పల మీద దొర్లి పెరిగిన సాక్షి ఇంకొకరు ఆ కార్లోనే ఉన్నారు. “అమ్మాయ్, నువ్వు చెప్పవే. నువ్వు చూశావుగా! కర్రెద్దు చిక్కం తెంపుకుంటే నువ్వే కదా కేకేశావు?”

ప్రమోద కిటికీవైపు తిరిగింది. రోడ్డు పక్క ఇళ్ళ కప్పులన్నీ ఒక్కొక్కటే శ్రద్ధగా చూసింది. పెదాలు బిగించి పట్టుకుంది గానీ, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

“ఏమో నాన్నా,” అంది చివరికి. “నేనెప్పుడూ చూళ్ళేదు. భాస్కర్, నా ఇంటికి వెళ్ళే దారి అటు కాదు, ఇటు తిప్పండి.”